వంతుకు ఒక పేజీ

బోర్లు వచ్చి మా ఊరి పాత బావులన్నీ ఎండిపోయాక, తిరుపతిలో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు వాటి గురించి వికీపీడియా లాంటి ఒక చిన్న వికీ మొదలుపెట్టాడు. బావికొక పేజీ, మనిషికొక పేజీ, మధ్యలో లంకెలు. బస్సుల మీదా దుకాణాల మీదా రాతలు చూసి చదువు నేర్చుకున్నవాణ్ని నేను. ఆ తెరనూ అలాగే కూడబలుక్కుని చదివాను. గచ్చుబావి పేజీలో యజమానిగా నా పేరొక్కటే ఉంది. ఒళ్లు మండింది.

"మీ నాయన యాడ పోయినాడప్పా?"

"బావికి ఒక పేరే పట్టేట్టు పెట్టినా పెదనాయనా. బతికుండేవాళ్లలో పెద్దోళ్లను రాసినా."

"ఒక బావిలో నలుగురం. ఒక్కొక్కరికి మూడు బావుల్లో పాలుండాది. మనిషి సచ్చిపోతే వంతు గూడా పోతాదా?"

పోదు. మా దగ్గర భాగస్తుడు పోతే, కొడుకు ఎదిగేదాకా ఆ వంతు నీళ్లు వాళ్ల పొలానికే పారాలి. తమ్ముడు కొత్తబావి తవ్వుతూ ఒడ్డు విరిగి మీద పడి చనిపోయాడు. నీళ్లు పడకముందే వంతులు పంచుకున్న బావి అది. పూడ్చేశాం. మిగతా రెండు బావుల్లో వాడి వంతు వచ్చిన రోజు నేనే మోటారు వేసి గట్టు మీద నిలబడేవాణ్ని. వెనకాల ఎవరో పారతో మట్టి తోసి, నీళ్లు మళ్లించే మడవ కడుతున్నట్టుండేది. తమ్ముడేనేమోనని తిరిగి చూసేవాణ్ని కాదు.

పిల్లవాడు ఆలోచించి, ఎవరికి ఏ బావిలో పాలుందో నన్నడిగి, వంతుకే విడిగా పేజీ పెట్టాడు. ఒక్కో వంతు ఒక మనిషినీ ఒక బావినీ పట్టుకుని ఉంటుంది. అంతే, ఎవరూ రాయకుండానే తమ్ముడి పేజీలోకి వాడి బావులన్నీ వచ్చి చేరాయి. చివరిది కొత్తబావి.

పక్కన కూర్చున్న మా మరదలు, పిల్లవాడి తల్లి, దాన్ని చూసి మొహం తిప్పుకుంది. "ఆ బావిని తీసెయ్ రా."

తీసేశాడు. వంతు మాత్రం పోలేదు. అందులో కొత్తబావి పేరు ఎర్రగా మారి నిలిచింది. పేజీ లేని పేరును వికీ అట్లా చూపిస్తుందట.

"వంతును గూడా తీసేసేదా మా?"

ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది.

"వద్దులే. ఆ నీళ్లు ఎట్లాగూ తాగలేదు మీ నాయన. వంతన్నా ఉండనీ."

ఇప్పటికీ ఆ ఎర్ర పేరు నొక్కితే, ఈ పేజీ ఇంకా లేదు, రాస్తారా అని అడుగుతుంది. అడిగేది యంత్రమేనని తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూడను.