దాయమ్మ సంపాదించిన దర్జా

మా దవాఖానలో కాన్పులు చేసే దాయమ్మ పోయింది. వీపనగండ్లలో చెల్లెలింటికి పోయి, జ్వరంతో పడుకొని మళ్లీ లేవలేదు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి చెప్పగానే, మందు కోసం వచ్చిన ఆడవాళ్లు సీసాలు పక్కన పెట్టి ఏడ్చారు. నేనూ ఏడ్చేవాణ్ణే. ఇంతలో మా గుమాస్తా కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పాపం, మంచి మనిషి. ఇగ ఆమె జాగ మళ్ల అద్నాల కలపొచ్చు" అన్నాడు. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. మనిషిని ఇంకా మట్టిలో పెట్టనే లేదు, ఈయనకు దర్జా లాక్కోవాలన్న తొందర!

చదివేవాళ్లకు ఈ దర్జాల సంగతి చెప్పాలి. సర్కారు దవాఖానలో కొలువు చేసేవాళ్లకు మూడు దర్జాలు. పైది డాక్టరుకు, కాంపౌండరుకు. నడిమిది నాలాంటి టీకాల వాళ్లకు, కట్లు కట్టేవాళ్లకు. ఈ రెండింటిలో ఉంటే ఏడాదికోసారి ఇజాఫా, అంటే జీతం కొంత పెరుగుతుంది. ముసలితనంలో వజీఫా, అంటే పింఛను వస్తుంది. అడుగున ఉన్నది అద్నా. నీళ్లు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు అందులో ఉంటారు. చేరిన నాడు ఎంతో, కాటికి పోయే నాడూ అంతే. అది వాళ్లకూ అన్యాయమే. పాలమూరు పెద్ద దవాఖానలో కాన్పుల పని నేర్చుకొని వచ్చిన మా దాయమ్మను కూడా అందులోనే పడేశారు. జీతాల నాడు మేము గుమాస్తా ఎదుట కుర్చీలో కూర్చొని తీసుకుంటాం. అద్నావాళ్లు అరుగు కింద నిలబడాలి. దాయమ్మ ఏళ్ల తరబడి అక్కడే నిలబడింది.

ఆమె నడకే వేరు. కాన్పు ఉందని బండి కట్టుకొని వస్తే ఎక్కేది కాదు. "నీ ఎడ్లు నడిచేవరకు బిడ్డకు పెండ్లీడొస్తది" అని ముందు నడిచేది. ఇంట్లో అడుగు పెట్టగానే మగవాళ్లను బయటికి తోలి, పొయ్యి మీద నీళ్లు పెట్టించేది. అత్తగార్ల చేతులు పట్టి చూసి, "గా గోర్లు తియ్యకుంట కోడల్ని ముట్టినవో, నీ చెయ్యి ఇరగ్గొడ్త" అని గద్దించేది. నన్నూ వదిలేది కాదు. "తమ్మీ, సూది కాగవెట్టినవా, ఉత్తగనే గుచ్చుతున్నవా?" అని పదిమందిలో అడిగేది. నాకు ఒళ్లు మండేది. కాగబెట్టే గుచ్చేవాణ్ణి మరి!

యుద్ధంతో జొన్నలు పిరమైన రోజుల్లో, ఒక జీతాల నాడు అరుగు కింది నుంచే అడిగింది.

"గుమాస్తయ్యా, నా దర్జ మార్చమని పైకి ఎప్పుడు రాస్తరు?"

"నీకేం తక్కువ? కాన్పు చేసిన ఇంటింటికి చాట నిండ జొన్నలొస్తయి. ఇగ జీతం పెరగకుంటేంది?"

కాన్పయిన ఇంట్లో మంత్రసానికి చాటలో జొన్నలు పోసి, పైన రవికగుడ్డ పెట్టి ఇవ్వడం మా వైపు ఆచారం. ఆమె అది తీసుకోకపోతే బిడ్డకు మంచిది కాదంటారు.

"గా చాట చూసి నా జీతం ఆపుతున్నరా? అయితే నేటి సంది నాకు చాట వద్దు" అని దాయమ్మ వెళ్లిపోయింది.

నేను వెనకాలే పోయి, "అక్కా, తొందరపడకు. బాంచెన్ అని ఒక్క మాట అను, రాస్తడు" అన్నాను.

"దయకైతే దండం పెడ్త తమ్మీ. జీతానికెందుకు పెడ్త?"

అన్నంత పనీ చేసింది. పగలంతా దవాఖానలో చాకిరీ, పొద్దుగూకితే ఎవరింట్లోనో పిండి విసిరి ఆ కూలితో గంజి తాగేది. జగమొండి! అత్తగార్లు భయపడి, "జరంతన్న తీస్కో దాయమ్మా, బిడ్డకు అరిష్టం" అని బతిమాలేవాళ్లు. "మీ బిడ్డకు నా దీవెన ఉన్నది. చాట సంగతి గుమాస్తయ్యకే ఎరుక, పోయి ఆయన్నడుగుండ్రి" అనేది. మా అత్తగార్లు అడిగి ఊరుకునే రకమా? సర్కారు కొత్త కాయిదా పెట్టిందనీ, ఇకమీదట చాట గుమాస్తాకే చెల్లాలనీ అనుకున్నారు.

పాలమూరు నుంచి పై డాక్టరు మా దవాఖాన తనిఖీకి వచ్చిన పొద్దునే వాళ్లూ వచ్చారు. చంకలో పిల్లలు, నెత్తిన చాటలు. తెచ్చినవన్నీ గుమాస్తా కాళ్ల దగ్గర దించారు.

"తీస్కో గుమాస్తయ్యా. రవికగుడ్డ గూడ పెట్టిన, చూస్కో."

"ఛీ ఛీ! నేనేమన్న మంత్రసానినా?"

"మరి ఆమె కూలి నీ చేతులకెట్లొచ్చె?" అన్నది ఒక ముసలమ్మ.

పై డాక్టరు ముందు నవ్వాడు. తరువాత దాయమ్మను పిలిపించాడు. ఆమె చేతులు కట్టుకోలేదు, తల వంచలేదు. "కాన్పు నేను చేస్తున్న. తల్లులిచ్చే జొన్నలు చూపి సర్కారు నా జీతం ఆపుతున్నది. గిదే సంగతి" అంది.

అడగనిది అమ్మయినా పెట్టదంటారు. పై డాక్టరు రాసి అడిగినా, మా పై కచ్చేరి వెంటనే పెట్టలేదు. వానకాలం పోయి చలి ముదిరాక హుకుం వచ్చింది, దాయికి నడిమి దర్జా అని. ఆ జీతాల నాడు ఆమె మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చొని, "ఇగ లెక్కవెట్టుండ్రి" అన్నది. నా కడుపు నిండింది. మరునాటి నుంచి చాటలూ తీసుకుంది. నేను ఎత్తిపొడిస్తే, "గది తల్లులిచ్చేది, గిది సర్కారిచ్చేది. రెండు కలపకు" అంది. వజీఫా తినే వయసు మాత్రం రానేలేదు. ఆ కోపం నాకు పోదు.

మొన్న జీతాల నాటికి కొత్త దాయి వచ్చి ఉంది. తిమ్మాజిపేట మనిషి, మా దాయమ్మ చేతి కిందే పని నేర్చింది. గుమాస్తా ఆమెకు అరుగు కింద చోటు చూపించాడు.

"గా దర్జ ఆమెకిచ్చింది. ఆమెతోనే పాయె. నువ్వు అద్నా."

నేను నోరు తెరిచేలోపే ఆమె మెట్లెక్కింది. కుర్చీ లాక్కొని కూర్చుంది.

"ఆమె పోయింది గని కాన్పులు పోలే గదయ్యా."

"లే" అన్నాడు గుమాస్తా. ఆమె లేవలేదు. నేనూ, కట్లు కట్టే అతనూ మా జీతాలు ముట్టకుండా ఆమె వెనక నిలబడ్డాం. లోపలి గదిలో నొప్పులు పడుతున్న పిల్ల "దాయమ్మా!" అని కేక పెట్టింది.

"వస్తున్న బిడ్డా" అని కొత్తామె లేచింది. గుమాస్తా వైపు చూసి, "కుర్చీ తియ్యకుండ్రి. మళ్లొచ్చి కూసుంట" అని, చేతులు కడుక్కోవడానికి లోపలికి నడిచింది.