సాంచాల గొంతు

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. ఉప్పు డబ్బా అందుకోమన్నా గల్లీ చివరిదాకా వినపడేలాగే అంటాం. సూరత్ గోడాదరాలో మా పక్కకు కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మొదట్లో మమ్మల్ని చూసి, పాపం వీళ్లింట్లో పొద్దున లేస్తే కొట్లాటే అనుకుంటారు. వాళ్లింట్లో మగవాళ్లు కూడా సాంచాల మీదికే పోతారు కాబట్టి, కొన్నాళ్లకు వాళ్లూ మాలాగే తయారవుతారు. అప్పుడు మా గల్లీలో ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండదు.

సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్ల పక్క ఊళ్ల నుంచి సూరత్ వచ్చిన మా వాళ్లకు కూడు పెట్టేది అదే. ఒక్క రేకుల కప్పు కింద అన్నేసి సాంచాలు దడదడలాడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. మా బాపు ఆ చప్పుడులో పన్నెండు గంటల పాళీలు చేసి చేసి, చివరికి చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. డాక్టరు రాసిచ్చిన చెవి మిషన్ పెట్టుకుంటే కుయ్యిమని ఈల వేస్తుందట. దాన్ని డబ్బీలో పెట్టి దేవుడి పటాల వెనక దాచాడు. ఎవరైనా అడిగితే, "దాన్ని ఇనుడుకంటే చెవుడే నయం" అంటాడు.

అయితే సాంచాల మనుషులకు ఇంకో భాష ఉంది. అది చేతుల భాష. ఒరిస్సా వాళ్లు, యూపీ వాళ్లు, మా వాళ్లు అందరూ కలిసి పనిచేసే చోట అసలు నోటితో పనే లేదు. రెండు చూపుడు వేళ్లు జోడించి విడదీస్తే పోగు తెగిందని. అరచేత్తో పొట్ట మీద గుండ్రంగా రాస్తే సేటు వస్తున్నాడని. బొటనవేలు నోటి దగ్గరకు వంచితే చాయ్. దాంతోపాటు చిటికెన వేలు కూడా లేస్తే అది చాయ్ కాదు, ఇంకోటి. కళ్ల కింద రెండు వేళ్లు ఆనించి, ఎదుటివాడి సాంచాలు చూపించి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపితే, "నీవి నేను చూస్తా, నువ్వు పోయిరా" అని.

ఈ చివరి సైగ గురించి మా అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. నేను కడుపులో ఉన్నప్పుడు ఆమె అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. కడుపులో తిప్పి బయటికి పోదామంటే కండెలు ఆగిపోతాయని భయం. అవతలి వరుస నుంచి బాపు తన సాంచాలు తాను నడుపుతూనే ఆమె మొహం చూసి, కళ్ల కింద రెండు వేళ్లు పెట్టేవాడట. "నోరు తెరిచి ఒక్క ముచ్చట మంచిగ మాట్లాడింది లేదు గని, చేయితోని మాత్రం శానా చెప్పిండు" అంటుంది అవ్వ.

ఆదివారం పొద్దున తాపీ నది అవతల ఒక మైదానంలో రైతుల బజారు పెడతారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తమ చేలో పండింది తామే తెచ్చి అమ్ముతారు, మధ్యలో దళారులు ఉండరు. గోడాదరా నుంచి అక్కడికి రెండు ఆటోలు మారాలి. మా గల్లీ చివర తోపుడు బండి మీద అన్నీ దొరుకుతుంటే అంత దూరం ఎందుకని మా వదినలు నవ్వుతారు. నవ్వనీ. చలికాలంలో అక్కడ దొరికే పచ్చి కందికాయలు తోపుడు బండి మీద దొరకవు. దొరికినా అవి రెండు రోజుల కిందటివై ఉంటాయి. బాపుకు ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయలంటే ప్రాణం. గింజ తీసి నోట్లో వేసుకుంటూ, పొట్టు పళ్లెం అంచున వరుసగా పేర్చుకుంటూ, పొద్దంతా కూర్చుంటాడు.

ఇదివరకు ఆ బజారుకు బాపూ అవ్వా కలిసి వెళ్లేవాళ్లు. అవ్వకు మోకాళ్లు పట్టేశాక ఆ పని నా మెడకు పడింది. నేను చీరల మార్కెట్లో ఒక దుకాణంలో పనిచేస్తాను, నాకు దొరికేది ఆ ఒక్క ఆదివారం. నిద్ర చాలక మొదట్లో విసుక్కున్నాను. కానీ పోనుపోను నాకే ఇష్టమైంది. పొద్దుటి చల్లదనంలో పచ్చి వెల్లుల్లి కట్టల వాసన, మట్టి వదలని ఊదారంగు కందగడ్డలు, సూరతీ వాళ్లు పడి చచ్చే పాప్డీ చిక్కుడు, వేయించిన పచ్చి జొన్న గింజలు. మార్కెట్లో వారమంతా గంజి పెట్టిన చీరల మధ్య కూర్చుని వచ్చే నాకు ఆ పచ్చి వాసనలు నిజంగానే ఊపిరి పోసేవి.

మేం కందికాయలు, ఇక్కడి మాటలో తువేర్, కొనేది ఒకామె దగ్గర. ఓల్‌పాడ్ పక్క పల్లె నుంచి తెల్లవారకముందే కందికాయలు, పాప్డీ, పచ్చి వెల్లుల్లి టెంపోలో వేసుకుని వస్తుంది. నా ఈడుదే ఉంటుంది. భర్తకు పొలం పని, అందుకని అంగడి దగ్గర ఆమె ఒక్కతే. ఇక్కడి అలవాటు ప్రకారం బాపు ఆమెను చెల్లె అన్నట్టు బెన్ అంటాడు, ఆమె బాపును బాబాయి అన్నట్టు కాకా అంటుంది. అవ్వతో వచ్చినప్పుడు అన్నీ అవ్వే మాట్లాడేది. నాతో వచ్చిన మొదటి ఆదివారం, ఆమెను పలకరించే బాధ్యత తనదే అనుకున్నాడు కాబోలు, నేను సంచీ తెరిచేలోపే గుట్టలోంచి కాయ ఒకటి తీసి ఆమె మొహం ముందు పెట్టి, "బెన్! యే కైసా దియా!" అని అరిచాడు. ఎంతకిస్తున్నావని.

అది బాపుకు మామూలు గొంతే. సాంచాలు ఆగిన చోట ఆ గొంతు ఎంత పెద్దదో బాపుకు తెలియదు. ఆమె ఉలిక్కిపడి తక్కెడ వదిలేసింది. కందికాయలు నేలపాలయ్యాయి. అక్కడ నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు పక్కకు జరిగి, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు వెళ్లిపోయారు. నడకకని వచ్చి కూరలు కొనుక్కుపోయే బూట్లాయన ఒకడు, ఆడమనిషి మీద ఎందుకు నోరు పారేసుకుంటున్నారని బాపును నిలదీశాడు. నాకసలే ముక్కు మీద కోపం. "ఆయనకు వినపడదు. మీకు కళ్లు కూడా కనపడవా?" అని నేనూ గొంతు పెంచాను. మాది సాంచాల ఇల్లని అప్పుడు బజారంతటికీ రుజువైపోయింది.

ఆమెకు మాత్రం కోపం రాలేదు. పెదాల మీద వేలు పెట్టుకుని, బతిమాలుతున్నట్టు, "ధీమే బోలో నే, కాకా" అంది. మెల్లగా మాట్లాడమని. బాపు పెదాల కదలికను బట్టి మాట పట్టేస్తాడు, కానీ తెలుగు పెదాలైతేనే. గుజరాతీ పెదాలు ఆయనకు అందవు. ఆ వేలు మాత్రం అందింది. వెళ్లిపోతున్న ఆడవాళ్లను చూశాడు, బూట్లాయనను చూశాడు, నన్ను చూశాడు. ఏం జరిగిందో అర్థమయ్యాక వంగి కింద పడ్డ కాయలు ఒక్కొక్కటే ఏరి ఆమె గుట్టలో వేశాడు.

తర్వాతి ఆదివారం రానన్నాడు. ఆ తర్వాతి ఆదివారం కూడా. బజారు మానేస్తే మానేశాడు, నాకు భయం వేసింది దానికి కాదు. బాపు గొంతు తగ్గించాడు. ఇంట్లో కూడా గుసగుసలాడటం మొదలుపెట్టాడు. ఎంత తగ్గించాలో తెలియక మరీ తగ్గించేశాడు. పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. మేం ఏంది ఏందని రెండుసార్లు అడిగితే, ఏం లేదులే అన్నట్టు చెయ్యి ఊపి గోడ వైపు తిరిగేవాడు. చాయ్ బండి దగ్గర దోస్తుల దగ్గరికి పోవడం మానేశాడు. ఊళ్లో ఉన్న మనవడు వీడియో కాల్ చేస్తే తీసుకోలేదు. జీవితంలో మొదటిసారి మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అది నాకు నరకంలా ఉంది.

ఒక రాత్రి అన్నాలప్పుడు అవ్వ నాతో అంది. "చెవులు పోతే నేను ఏడ్వలే బిడ్డా. చేతులున్నయి, నోరున్నది, నడిచిపోతదనుకున్న. ఇప్పుడు నోరు గూడ మూసుకుంటాండు. గిట్లనే ఊకుంటే మనిషి మనకు దక్కడు."

మర్నాడు ఆదివారం. అవ్వ పొద్దున్నే సంచీ తెచ్చి బాపు ఒళ్లో పడేసింది. "కందికాయలు అయిపోయేటి దినాలు. పిల్ల ఏరితే అన్నీ ముదురుకాయలే తెస్తది. నువ్వు వోతవా, నన్ను ఈ మోకాళ్లతోని పొమ్మంటవా?" అంది. నేను ఏరితే ముదురువి వస్తాయన్నది పచ్చి అబద్ధం. అయినా అవునన్నట్టు తల ఊపాను. బాపు సంచీ మడిచి చంకలో పెట్టుకుని, లేచి చెప్పులు వేసుకున్నాడు.

బజారులో నా వెనకాలే నడిచాడు. ఆమె అంగడి ముందు కూడా రెండడుగుల వెనకే ఆగాడు. మమ్మల్ని చూసి ఆమె నవ్వింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఆవేళ ఆమె పక్కన ఎప్పుడూ ఉండే కూరగాయల ముసలమ్మ రాలేదు. ఇటు పక్క బెల్లం అమ్మేవాడి దగ్గర జనం మూగి ఉన్నారు. నేను కందికాయలు ఏరుతున్నాను. ఆమె ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, మైదానం మూలనున్న మరుగుదొడ్ల గదుల వైపు చూసి, మళ్లీ తన బుట్టల వైపు చూసింది. నేను గమనించనే లేదు. నా ధ్యాస అంతా లేత కాయల మీదే ఉంది.

బాపు గమనించాడు. నా పక్కనుంచి ముందుకొచ్చాడు. నోరు విప్పలేదు. కళ్ల కింద రెండు వేళ్లు ఆనించాడు, ఆమె బుట్టలు చూపించాడు, మూలనున్న గదుల వైపు చెయ్యి ఊపాడు.

నీవి నేను చూస్తా, నువ్వు పోయిరా.

ఆమెకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, కొంగు నడుముకు చుట్టుకుని, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. బాపు బుట్టల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. సాంచాల మధ్య నిలబడ్డట్టే, కాళ్లు ఎడంగా పెట్టి, కుడి వైపొకసారి ఎడమ వైపొకసారి చూస్తూ. మా అవ్వ చెప్పిన ఆ సైగను నా కళ్లతో చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. కందికాయల మీదికి వంగి దాచుకున్నాను.

ఆమె మొహం కడుక్కుని, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు తిరిగొచ్చింది. బాపు బయటికి వచ్చి, నేను ఏరిన కాయలు ఆమె ముందు పెట్టి ఏదో అన్నాడు. నాకే వినపడలేదు. ఆమె ముందుకు వంగింది. బాపు మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకా మెల్లగా. ఆమె చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "జోర్‌థీ బోలో, కాకా!" అంది.

బాపు నా వైపు తిరిగాడు. "ఏమంటాంది?"

"గట్టిగ మాట్లాడమంటాంది, బాపూ."

నేను ఎగతాళి చేస్తున్నానేమోనని ఆయనకు అనుమానం. నా పెదాల వైపు ఇంకోసారి చూశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె చెవి దగ్గరి చెయ్యి తీయకుండా అవునవునని తల ఊపింది. అప్పుడు బాపు ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు.

"బెన్! తువేర్ దేదో! దో కిలో!"

బెల్లం దగ్గర మూగిన జనం మొత్తం ఇటు తిరిగారు. తిరిగినవాళ్లకు నిగనిగలాడే కందికాయల గుట్ట కనపడింది. ఇద్దరు ముగ్గురు నడిచి వచ్చారు. ఆమె మంచి గడుసుది. మాకు తూకం వేయడం ఆపి, "మళ్లీ అనండి కాకా" అన్నట్టు చెయ్యి గాల్లోకి ఎగరేసింది. దానికి నేను అర్థం చెప్పే పని పడలేదు.

"తాజీ తువేర్! తాజీ పాప్డీ! ఆవో ఆవో!"

నాకు నవ్వు ఆగలేదు. బాపు ఒక్కో అరుపు అరిచి, అది ఎంత దూరం పోయిందో జనం మొహాల్లో చూసుకుని, ఇంకొంచెం పెంచుతున్నాడు. బూట్లాయన కూడా వచ్చి పాప్డీ తీసుకున్నాడు. ఆయన సంచీ పట్టుకుంటే నేనే కాయలు పోశాను, మొహం మాత్రం పక్కకు తిప్పుకుని. ఎండ ఎక్కేసరికి బుట్టలు అడుగంటాయి. వచ్చేటప్పుడు ఆమె మా సంచీలో ఒక పచ్చి వెల్లుల్లి కట్ట కుక్కింది. బాపు వద్దంటుంటే ఆయన సైగే ఆయనకు తిప్పికొట్టింది. కళ్ల కింద రెండు వేళ్లు పెట్టి, ఆయనను చూపించి, ఖాళీ బుట్టల వెనక్కి చూపించింది. వచ్చే వారం మళ్లీ అక్కడే నిలబడాలని.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "ఏమాయె? మంచిగున్నయా కాయలు?" అని గల్లీ అంతా వినపడేలా అడిగింది. బాపు నోరు తెరిచాడు. గరగరమని గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. అవ్వ మొహం పాలిపోయింది. మళ్లీ మొదటికొచ్చిందనుకుంది పాపం.

"గొంతు వోయిందవ్వా. బజార్ల ఒర్రి ఒర్రి పోయింది" అన్నాను.

అవ్వ నమ్మలేక ఆయన వైపు చూసింది. బాపు సంచీ కింద పెట్టి, కళ్ల కింద రెండు వేళ్లు ఆనించి, తర్వాత ఆ చేతినే నోటి ముందు గరాటులా పెట్టి చూపించాడు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, కందికాయల సంచీ ఒళ్లోకి లాక్కుంది.

"పోతే పోనియ్" అంది గట్టిగా. "ఆదివారం దాంక మల్లొస్తది."