లైనమ్మ కలిపిన రెండు పెట్టెలు

ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ శాఖలో తెగిన తీగలు వెతికి అతికిన మనిషి కాబట్టి, ఆవిణ్ణి అందరూ లైనమ్మ అనేవాళ్ళు. స్తంభమెక్కి, రిసీవర్ చెవికి ఆనించి, "లోపం ఇక్కడ కాదర్రా, పై వీధిలో" అనేది. వెళ్ళి చూస్తే అక్కడే ఉండేది. ఉద్యోగం విరమించింది గానీ ఆ చెవి విరమించలేదు.

అచ్చాఫీసులో పనిచేసిన ఆవిడ భర్తకి నాలుగేళ్ళ కిందట చూపు పోయింది. అప్పట్నుంచి ఆయన లోకమంతా హాల్లో ఉన్న స్టీరియోనే. నడుమెత్తు స్పీకర్లు రెండు, ఇద్దరు పట్టి లేపాల్సిన యాంప్లిఫయర్. ఇంటిల్లిపాదీ సినిమా పెట్టుకుంటే మాత్రం లేచి గదిలోకి వెళ్ళిపోయేవాడు. "టీవీలో మాటలు రేకుడబ్బాలో గులకరాళ్ళు. నాకేం తెలుస్తుంది?" అనేవాడు.

ఇంతలో అదే ఇంట్లో ఉంటున్న అల్లుడు హోమ్ థియేటర్ కొనుక్కొచ్చాడు.

"అత్తయ్యా, ఆ పాత స్పీకర్లు తీసేస్తేగానీ ఇవి పట్టవు."

"అవి తీస్తే మీ మామయ్యగారిని కూడా అటకెక్కించాలి బాబూ. రెండూ కలిపేద్దాం."

బిగించడానికొచ్చిన షాపతను నవ్వాడు. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా."

"కత్తులు ఇమడవు. తీగలు ఇముడుతాయి" అని అతన్ని పంపించేసింది.

కళ్ళజోడు పెట్టుకుని, హోమ్ థియేటర్ పెట్టెతో వచ్చిన పుస్తకం అక్షరం అక్షరం చదివింది. కొత్త పెట్టె వెనకాల, ముందు స్పీకర్ల శబ్దాన్ని వేరే యాంప్లిఫయర్‌కి అందించే రెండు రంధ్రాలు కనిపించాయి. అక్కణ్ణుంచి పాత యాంప్లిఫయర్‌కి తీగ వేస్తే సినిమాకి ముందు స్పీకర్లు పాతవే అవుతాయి. పాట పెట్టినప్పుడు కొత్త పెట్టెతో పనే ఉండదు. మిగతావి చుట్టూ అమర్చి, స్విచ్ వేసింది.

గుయ్యిమంటూ తుమ్మెదల రొద. అల్లుడు "చెప్పానా" అన్నట్టు చూశాడంతే.

మూడు రోజులు ఆ రొదతోనే కాపురం. కూతురు "వదిలెయ్యమ్మా" అని బతిమాలింది. లైనమ్మ పట్టిన పట్టు విడవలేదు. ఒక్కో తీగా పీకి, విని, మళ్ళీ పెట్టింది. చివరికి గోడలోంచి వచ్చే కేబుల్ టీవీ తీగ లాగగానే హాలంతా నిశ్శబ్దం.

"దొరికాడు దొంగ!"

ఎర్త్ రెండు దారుల్లో కలిసి, ఆ చుట్టులో రొద తిరుగుతోందన్నమాట. బొమ్మని పోనిచ్చి రొదని మాత్రం ఆపే వేలెడంత అడ్డు బిళ్ళ తెచ్చి ఆ తీగకి తగిలించింది. ఇక స్పీకర్లన్నీ సమానంగా పలకాలి. భర్తని సోఫా మధ్యలో కూర్చోబెట్టింది.

"ఏవండీ, ఎలా ఉంది?"

"కుడిపక్క వెనకది గొంతు చించుకుంటోంది. తగ్గించు... ఆఁ, చాలు."

పాత యాంప్లిఫయర్‌లో శబ్దం పెంచే నాబ్‌ని సినిమాకి ఎక్కడిదాకా తిప్పాలో అక్కడ ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం సినిమా వేశారు. పెద్దాయన లేవలేదు. కాసేపటికి, "వాన మన వెనక కురుస్తోంది. ఎడమపక్క తలుపు తీశారు. ఆడమనిషి, చెప్పులు తడిసినట్టున్నాయి. ఎవరే?" అని కూతుర్ని అడిగాడు. అల్లుడే కుర్చీ దగ్గరికి జరుపుకుని, మామగారికి బొమ్మలో సంగతి చెబుతూ కూర్చున్నాడు.

వారం తిరక్కుండా షాపతను ఫోన్ చేశాడు. "అమ్మా, ఇంకో ఇంట్లో కూడా గుయ్యిమంటోంది. కాస్త వస్తారా?"

"తీగలేవీ కదపకు. నేనొచ్చేదాకా ముట్టుకోకు" అంటూ లైనమ్మ పనిముట్ల సంచీ వెతుక్కుంది.