పెళ్లి వీడియోలున్న డిస్కు

కమాండ్ లైన్‌లో, అంటే కంప్యూటర్‌కి ఆదేశాలు టైపు చేసే చోట, వాడే చిన్న చిన్న టూల్స్ మేం కొందరం కలిసి ఊరికే రాస్తుంటాం. ఫైళ్లు చూపించేది, వరస పెట్టేది, తీసేసేది, ఒక్కోటీ ఒక్క పనే చేస్తుంది. కోడ్ ఎంత పొట్టిగా ఉంటే మాకంత ముద్దు. ఆ కోడ్ అందరికీ తెరిచే ఉంచుతాం; దానికి బయటివాళ్లు పంపే మార్పులు చదివి, తీసుకోవాలో వద్దో చెప్పడం నా పని. పలాసలో మా డాబా మీది గదిలో, జీడిపిక్కలు కాల్చే వాసన మధ్య కూర్చుని చదువుతుంటాను.

ఒకసారి ఫైళ్లు తీసేసే టూల్‌కి ముక్కూమొహం తెలియనాయన మార్పు పంపాడు. కోడ్ సగానికి సగం తగ్గింది. మిగతావాళ్లు బాగుందన్నారు. నాకూ బాగానే అనిపించింది. టెక్కలిలో ఫోటో స్టూడియో నడిపే మా బావ దగ్గర పాత కంప్యూటర్ ఉంది. కొత్తదేదొచ్చినా దాని మీద నడిపి చూడడం మాకు అలవాటు. "అక్కర్లేని ఆ పాత ఫోల్డర్ తీసేసి చూడు బావా" అని ఆ సాయంత్రమే మారిన టూల్ పంపాను.

మర్నాడు పొద్దున్న టీ తాగుతూ ఆ కోడ్ మళ్లీ చదివి ఒకచోట ఆగిపోయాను. ఫోల్డర్‌లో లింకు ఉంటే, అంటే ఇంకోచోటి ఫోల్డర్‌కి దారి చూపే గుర్తు ఉంటే, ఆ గుర్తునొక్కదాన్నే తీసెయ్యాలి. ఇదేమో ఆ దారి పట్టుకుని వెళ్లి, అక్కడున్నవన్నీ తుడిచేస్తోంది. బావ పాత ఫోల్డర్‌లో అలాంటి లింకు ఉంది. అది కంప్యూటర్‌కి బయట తగిలించిన, పెళ్లి వీడియోలున్న డిస్కులోకి పోతుంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాశీబుగ్గ బస్టాండుకి పరుగెత్తి, కదులుతున్న టెక్కలి బస్సెక్కాను. ఆ మధ్య వజ్రపుకొత్తూరు నుంచి బావ స్టూడియోకి వచ్చిన ఒకామె దారంతా కళ్లముందు మెదిలింది. చనిపోయిన వాళ్ల నాన్న కనబడేది తన పెళ్లి వీడియోలోనేనట, ఇంకో కాపీ అడిగింది.

స్టూడియోలో బావ ఫోటోలు కత్తిరిస్తున్నాడు.

"ఏటే, అలా రొప్పుతున్నావు?"

"ఆ ఫోల్డర్ తీసీసినావా బావా?"

"పొద్దున్నే తీసీసేను గదా. సిటికెలో ఎల్లిపోనాది."

"మరి పెళ్లి వీడియోలున్న డిస్కు?"

"డిస్కు ఇక్కడెక్కడుంది? ఆల్బం పనుందని నిన్ననే ఇంటికి పట్టుకుపోనాను. ఏటయిందేటి?"

స్టూలు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. సంగతి చెప్పాక బావ కత్తెర కింద పెట్టి, వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చాడు.

అక్కడే కూర్చుని ఆ మార్పు పంపినాయనకి జవాబు రాశాను. కోపమేమీ రాలేదు. నేనూ సరేననబోయినదాన్నే. తప్పెక్కడుందో, ఎలా చేస్తే బయటపడుతుందో రాశానంతే. మధ్యాహ్నానికి ఆయన రాశాడు: "లింకుల సంగతి నాకు తట్టనే లేదండీ. ఎవరి ఫైళ్లూ పోలేదు కదా?"

పోలేదని రాశాను. ఆ మాట టైపు చేస్తుంటే ఎంత హాయిగా అనిపించిందో.

పొద్దుగుంకేలోగా సరిచేసి పంపాడు. ఈసారి ఉత్తుత్తి ఫైళ్ల మీద నడిపి చూశాం. లింకు పోయింది, దాని అవతలివి అలాగే ఉన్నాయి. కోడ్ కొన్ని వరుసలు పెరిగింది. పెరిగితే పెరిగిందని తీసేసుకున్నాం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. పలాసలో కండక్టరు లేపాడు.