పేరు పిలిచి ఆగే ఫాదరుగారు

నరసన్నపేట, 1946 ఆగస్టు 12, సోమవారం.

ఫాదరుగారు పోయారని మొన్న ఉత్తరం వచ్చింది. దక్షిణాదిన జెసూట్ ఫాదర్ల కళాశాలలో చందాలు కూర్చే పనీ, పాత విద్యార్థుల సంఘం పనీ ఆయనే చూసేవారు. అదే కవరులో కొత్త కార్యదర్శిగారి కాగితం కూడా ఉంది: పాత విద్యార్థుల జాబితా అచ్చు వేయిస్తున్నాం, చనిపోయినవారి పేర్లు కొట్టేసి నెలాఖరులోగా పంపండి, అని. మన వైపు జాబితా రాసి ఉంచేది నేను. కొట్టెయ్యవలసిన పేర్లు నాలుగు. అందులో ఒకటి నా కొడుకుది. అందుకని పాత విద్యార్థులైన మీ అందరికీ ఇది రాస్తున్నాను.

ఆరేళ్ళ క్రితం ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చారు. తెల్లటి నిలువుటంగీ, చంకలో గొడుగు. అరవదేశపు మనిషి నోట మన యాస విని తెల్లబోయాను.

"ఏటమ్మా, బాగున్నారా? మన కుర్రోడేడి?"

"చదువుకున్నవారు, 'ఏటి' ఏమిటండీ?"

"నాకు తెలుగు నేర్పినోడు మీ భావనపాడోడమ్మా. నానేటి సేసీది?"

ఆ భావనపాడు అబ్బాయి హాస్టలులో మావాడి గదిలోనే ఉండేవాడు. ఇప్పుడు చేపల వ్యాపారం.

ఆయనకు విషయం తెలియదు. టైఫాయిడ్‌తో మా అబ్బాయి పోయి అప్పటికి మూడు నెలలు. చెప్పాను. జాబితాలో తప్పు ఉంటే నాకు కిట్టదు కాబట్టి, ఆయన తెచ్చిన జాబితాలో వాడి పేరు కొట్టెయ్యమని కలం కూడా తెచ్చి ఇచ్చాను. ఆయన కలం మళ్ళీ నా చేతిలోనే పెట్టారు.

"సచ్చిపోతే మా పాత విద్యార్థి కాకుండా పోతాడేటమ్మా?"

పేదపిల్లల హాస్టలుకు చందా కోసం వచ్చిన మనిషి, అడగకుండానే వెళ్ళిపోయారు. "ముందు మడిసినడగాల, తరవాతే సందా" అనేవారు. మరుసటి ఏడు నేనే పిలిచి ఇచ్చాను. అప్పుడే మన వైపు జాబితా రాసే పని నాకు అప్పగించారు.

ఏటా దసరా వెళ్ళాక విజయనగరంలో మీరంతా కలుసుకునేవారు. యుద్ధం రోజుల్లో రైళ్ళు కిక్కిరిసినా ఆయన మానలేదు. నన్నూ రమ్మనేవారు. హాస్టలులో లాగే ఒక్కొక్క పేరూ పిలిచేవారు. నేను వెళ్ళిన మొదటి ఏడు మావాడి పేరు పిలిచి ఆగారు. బతికున్న మనిషి లేచి నిలబడడానికి పట్టేంత సేపు.

ఆ నిశ్శబ్దంలో భావనపాడు అబ్బాయి నోరు జారాడు: "ఒస్తన్నాడు ఫాదర్!"

హాస్టలులో మావాడు ఆలస్యమైనప్పుడల్లా అతను చెప్పిన మాటే అది. అలవాటు. వెంటనే కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను గుమ్మంవైపు చూశాను. చదువుకున్నదాన్ని, చూడకూడదు. చూశాను.

అప్పటినుంచి ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. ఇంట్లో బియ్యం ఏరుతుండగా కూడా ఆ మాట వినిపిస్తుంది. చేయి ఆగిపోతుంది. ఒకసారి ఫాదరుగారితో అన్నాను, "అలా ఆగకండి, నేను భరించలేను" అని.

"ఆగడం నాను మానేస్తాను. సూడ్డం మీరు మానేస్తారా?"

ఆ ఏడూ ఆయన ఆగారు, నేనూ చూశాను. కార్యదర్శిగారి కాగితం ముందు పెట్టుకుని ఉదయంనుంచి కూర్చున్నాను. నా చేత్తో నేను కొట్టలేను. అందుచేత జరగవలసినవి ఇవి:

1. నాలుగు పేర్లూ జాబితాలో ఉంటాయి. పక్కన గుర్తులేమీ పెట్టరు. కార్యదర్శిగారికి నేనే రాస్తాను.

2. ఈ దసరా వెళ్ళాక విజయనగరంలో కలుసుకోవాలి. పేర్లు భావనపాడు అబ్బాయి పిలవాలి. నాను పిలవలేను అంటాడు. అయినా అతనే పిలవాలి.

3. చివర ఫాదరుగారి పేరు. ఆయన మీ కళాశాలలో చదవలేదని నాకు తెలుసు. పిలవాలి.

4. ప్రతి పేరు తరువాతా ఆగాలి. తొందరపడకూడదు.

5. మావాడి పేరు వచ్చినప్పుడు నావైపు ఎవరూ చూడకూడదు.