రెండో డికాషను

నల్లంపల్లి దగ్గర హైవే పక్కన కొత్తగా ఒక కాఫీ అంగడి వెలిసింది, చుట్టూ అద్దాలే. మొన్న సేలం నుంచి వస్తూ మా మేనకోడలు సుధ కారు అక్కడ ఆపింది. లోపల అడుగు పెట్టగానే వేయించిన గింజల వాసన, మిషనులోంచి బుస్సుమని ఆవిరి. అంతవరకూ బాగానే ఉంది. గల్లా వెనక ఉన్న అమ్మాయి మిషను పిడి ఊడదీసి, అందులో బిళ్లకట్టిన కాఫీ పొడిని డబ్బా అంచుకేసి టక్కున కొట్టి పారేసింది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను. సుధ నవ్వి, “ఏమత్తా, అంత భయం?” అంటూనే తన గోడు మొదలుపెట్టింది. ఇంట్లో పెట్టుకునే ఇలాంటి మిషనే ఒకటి చూసి వచ్చిందట. మంచి స్కూటరు వచ్చే ధర. మొగుడు దండగంటున్నాడట. “నువ్వు కాఫీ పొడి అంగడిలో పని చేసినదానివి గదా, నువ్వే చెప్పు. అంత దుడ్డు పెట్టొచ్చునా, పెట్టకూడదా?” అని నా ముఖం చూసింది. జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సరిగ్గా ఈ ప్రశ్నతోనే ఒకప్పుడు నేను ఒకావిడ వంటింట్లోకి దర్జాగా నడిచి వెళ్లి, దెయ్యాన్ని చూసినదానిలా బయటికి వచ్చాను.

ఆవిడ పేరు ఆదిలక్ష్మమ్మ. తమిళనాడు ధర్మపురిలో మా వీధి మలుపులో ఆవిడ కాఫీ పొడి అంగడి ఉండేది. వరసకు పెద్దమ్మ. ప్లస్ టూ అయ్యి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను చూసి, “ఏంమే వసంతా, ఈగలు తోలేది మీ ఇంట్లో ఏంటికి? వచ్చి నా అంగడిలో తోలు” అని పిలిచి తక్కెడ దగ్గర కూర్చోబెట్టింది. బడిలో నేను చదివింది తమిళమే. ఇంట్లో మాట్లాడే భాషకు అక్షరాలు కూడా ఉంటాయని నాకు ఆ అంగడిలోనే తెలిసింది. బేరం లేని మధ్యాహ్నాలు పొట్లాల కాగితం మీద అ ఆలు దిద్దించింది. ఒత్తు తప్పు పెడితే గరిటె కాడతో వేళ్ల మీద ఒకటి వేసేది. ఈ నాలుగు ముక్కలు ఇవాళ తెలుగులో రాస్తున్నానంటే అది ఆ గరిటె కాడ పుణ్యమే.

అబ్బ, ఎంత పిసినారితనం ఆవిడది! బస్తా విప్పిన పురికొసను చుట్ట చుట్టి దాచేది. చిరిగిన గోనెను కాళ్లు తుడుచుకునే పట్టాగా మార్చేది. కానీ సరుకు దగ్గర మాత్రం నిప్పు. వత్తల్‌మలై కొండ నుంచి గింజలు తెచ్చే రైతుల ముందు కూర్చుని, గుప్పెట్లో నలిపి వాసన చూసి, ఒక గింజ కొరికి, “ఇది వానలో తడిసినాది, తీసుకుని పో నాయనా” అనేది. అన్నాక ఇంక ఎవరూ వాదించేవాళ్లు కాదు. చికోరీ ఎంత కలిపిందో అడగకముందే చెప్పేది. ఇండూరు నుంచి బస్సెక్కి వచ్చి మరీ ఆవిడ చేతి పొడి కొనుక్కుపోయే కుటుంబాలు ఉండేవి. పెళ్లివాళ్లు, హోటళ్లవాళ్లు అందరూ ఆవిడ మాట విని పొడి తీసుకునేవాళ్లే. ఒకసారి కొత్తగా వచ్చిన బ్యాంకు ఆఫీసరు భార్య, “మీ ఇంట్లో మీరు ఏ రకం తాగుతారు? అదే నాకూ ఇవ్వండి” అంది. పెద్దమ్మ పొట్లం కడుతూనే, “మా ఇంట్లో ఉండేది మీరు తాగలేరమ్మా” అంది. అందరం నవ్వాం. పెద్ద హాస్యమాడిందనుకున్నాం.

అలాంటి ఇంటి ముందు ఒకరోజు పొద్దున వ్యాను ఆగి, ఇద్దరు మనుషులు ఒక పెద్ద పెట్టె దించారు. బట్టలుతికే మిషననుకుంది ఎదురింటామె. కొత్త పిండిమర అనుకున్నాను నేను. పెద్దమ్మ కొడుకు రవి అన్న సంతకం పెట్టి పెట్టె విప్పి చూసి, దాని మీది బొమ్మను, తల్లిని మార్చి మార్చి చూశాడు. “ఎవరిదిమా ఇది? అంగడికా?”

“ఇంటికి. నాది” అంది పెద్దమ్మ.

అప్పుడు నా కళ్లు ఆవిడ చేతుల మీద పడ్డాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ముంజేతులకు ఉన్న బంగారు గాజులు లేవు! మట్టి గాజులు రెండు మాత్రం ఉన్నాయి. భర్త పోయినప్పుడు కూడా, “మా అమ్మ పెట్టినవి, ఎవరు తీయమన్నా తీయను” అని వీధి మొత్తాన్ని ఎదిరించి నిలుపుకున్న గాజులవి. వాటిని అమ్మి కాఫీ మిషను కొనిందా? పురికొస పారేయని మనిషి? వీధి వీధంతా నోరు వెళ్లబెట్టింది. ముసలామెకు మతి చలించిందని కొందరన్నారు. కాఫీ పొడి అమ్మేవాళ్లకే ఫిల్టరు కాఫీ చేదైపోయింది, ఇంక మనమెందుకు కొనాలి అని కొందరు ఎగతాళి చేశారు. రవి అన్నకు తల కొట్టేసినట్టయింది. కంపెనీకి ఫోను చేస్తే, పెట్టె విప్పినా సరే, వారంలోపు తిరిగి తీసుకుంటామన్నారట. ఆ దుడ్డుతో గాజులు వెనక్కి కొనుక్కు రావచ్చు. పెద్దమ్మ మాత్రం ససేమిరా అంది. చివరికి అన్న నా దగ్గరికి వచ్చి, “నీ మాట కొంచెం వింటుంది. ఆ మిషను అంత విలువ చెయ్యదని నువ్వు చెప్పు వసంతా. గాజులు లేని ఆ చేతుల్ని నేను చూడలేక ఉండాను” అన్నాడు. పాపం, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

నేను వెళ్లేసరికి పెద్దమ్మ వంటింట్లో మిషను ముందు నిలబడి ఉంది. కోడలు భాను వదిన ఒక మూల కొబ్బరి తురుముతోంది. నేను నోరు తెరవకముందే, “ముందు తాగు, తర్వాత తిట్టు” అని పెద్దమ్మ నాకు ఒక కప్పు చేసి ఇచ్చింది. చిక్కగా ఉంది, పైన తేనె రంగు నురగ. బాగుందని ఒప్పుకోవడం ఇష్టం లేక, తాగుతూనే నా వాదన ఎత్తుకున్నాను. ఇత్తడి ఫిల్టరు ఉండగా ఇదెందుకు, కరెంటు ఖర్చు, చెడిపోతే బాగుచేసేవాడు ఊళ్లో లేడు, అన్న ఎంత కుమిలిపోతున్నాడో అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ మిషను అంచును కొంగుతో తుడుస్తూనే ఉంది. సరే, మాటతో కాకపోతే మంచితనంతో లొంగదీద్దామని, “మీకు నేను చేసిస్తాను పెద్దమ్మా” అని లేచాను. ఆవిడ చేసినట్టే కప్పు పెట్టి మీట నొక్కాను. పిడిలో నా కాఫీకి వేసిన పొడి అలాగే ఉంది. దాన్ని మార్చాలన్న ఆలోచనే నాకు రాలేదు. మన ఇళ్లల్లో ఒక్కసారి నీళ్లు దిగిన పొడిని ఎవరు పారేస్తారు? మళ్లీ వేడినీళ్లు పోసి రెండో డికాషను తీయమా?

కప్పులోకి గోధుమరంగు నీళ్లు దిగాయి. పెద్దమ్మ ఆ కప్పు అందుకుని దాని వంక చూసింది.

“ఇదే మే, ఇన్ని దినాలూ నేను తాగింది.”

“ఏది?”

“ఈ నీళ్లే. కాపురానికి వచ్చిన దినం నుంచి.”

నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. మామగారికి, మరుదులకు, భర్తకు, వచ్చిపోయేవాళ్లకు మొదటి డికాషను. అమ్మే సరుకును ఇంట్లో దండిగా వాడితే అంగడి నిలవదని మామగారి శాసనం. కాబట్టి ఆడవాళ్లకు అదే పొడిలో మళ్లీ పోసిన నీళ్లు. మామగారు పోయారు, మరుదులు వేరు పడ్డారు, భర్తా పోయాడు, అంగడి ఆవిడ చేతికే వచ్చింది. కొడుక్కి, మనవళ్లకు మొదటిది. తనకు రెండోదే. ఊరందరికీ కాఫీ రుచి నేర్పిన మనిషి తన పొడి అసలు రుచిని ఇంట్లో ఏనాడూ చూడలేదు! వాసనతో, కొరికిన గింజతో వ్యాపారం చేసింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేదీ తనే, కడబంతిలో కూర్చున్నదీ తనే. ‘మా ఇంట్లో ఉండేది మీరు తాగలేరమ్మా’ అన్న మాట గుర్తొచ్చింది. ఎంత నవ్వాం ఆ రోజు!

“బెంగళూరులో మా తమ్ముడి మనవరాలి నిశ్చితార్థానికి పోయినాను గదా. వాళ్ల ఇంట్లో ఈ మాదిరి మిషను ఉండాది. ఆ పాప పెద్దదాన్నని నాకే మొదటి కప్పు ఇచ్చింది. తాగి, నాకు ఏడుపు వచ్చేసింది మే. అందరికీ ఇచ్చి మిగిలిన పొడిలో నీళ్లు పోసి ఇయ్యమ్మా, నాకు అదే అలవాటు అన్నాను. ఆ పాప నవ్వి, ఇందులో రెండో నీళ్లు లేవవ్వా, ఎవరికి చేసినా కొత్త పొడే అనింది” అని పెద్దమ్మ మిషను మీద చెయ్యి వేసింది. “నాకు ఇది కావాల. అంతే.”

ఆవిడ నోట ‘నాకు కావాల’ అన్న మాట నేను వినడం అదే మొదలు. ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో రవి అన్న నిలబడి ఉన్నాడు. “అమ్మా, ఫిల్టరులో ఇంకో రెండు చెంచాలు పొడి వేసుకుంటే పోయేది గదా! దీనికి గాజులు అమ్మాలనా? నువ్వు అడిగి ఉంటే ఎవరన్నా వద్దంటారా?”

“నువ్వు ఎప్పుడన్నా అడిగి తాగినావా నాయనా?” అంది పెద్దమ్మ, కోపం లేకుండానే. “నీకు వచ్చింది, తాగినావు. ఫిల్టరు నా చేతిలో ఉంటే ఎంత పొడి వేసినా నా చెయ్యి మళ్లీ నీళ్లు పోస్తుంది. ఈ చేతిని నేను నమ్మను. ఇదైతే ఎంత పిసినారి చేతికైనా రెండోసారి కాఫీ ఇయ్యదు, చూడు” అని ఆ గోధుమరంగు నీళ్ల కప్పును కొడుకు ముందు పెట్టింది.

కొబ్బరి తురిమే చప్పుడు ఆగిపోయింది. అప్పుడు మూల నుంచి భాను వదిన గొంతు వినిపించింది, ఎంతో మెల్లగా.

“మూడోది నేను తాగుతా ఉండాను అత్తా.”

పెద్దమ్మ గిరుక్కున తిరిగింది. “ఏది?”

“మీరు రెండోది తీసుకున్నంక, ఆ పొడిలోనే. వచ్చినప్పటి నుంచి.”

ఓరి దేవుడా! పెద్దమ్మ ముఖం నేను ఈ జన్మకు మరిచిపోలేను. గాజులు అమ్మిందని వీధంతా నివ్వెరపోయినప్పుడు చలించని మనిషి, గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన తర్వాత ఆ ఫిల్టరు ఎటు పోతోందో అన్నేళ్లు ఒకే వంటింట్లో ఉండి చూసుకోలేదు. దీపం కింద చీకటి. “నేను ఉండి కూడానా?” అంది, ఎవరితోనో తెలియదు. తర్వాత మిషను పిడి ఊడదీసి, ఆ తడి పొడిని గిన్నె అంచుకేసి టక్కున కొట్టి పారేసింది. కొత్త పొడి నింపింది. రవి అన్న వచ్చి పిడి అందుకుని బిగించాడు. మొదటి కప్పు దిగగానే పెద్దమ్మ దాన్ని కోడలి చేతిలో పెట్టింది. “కూర్చోని తాగు. నిలబడి తాగొద్దు” అంది. భాను వదిన తాగింది. ఏడుస్తూనే తాగింది. తర్వాతే పెద్దమ్మ తనకు చేసుకుంది.

మిషను తిరిగి పోలేదు. గాజులూ తిరిగి రాలేదు. పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున ఆ టక్కుమన్న చప్పుడు వీధిలోకి వినిపించేది. మొదట్లో నవ్వినవాళ్లు కూడా తర్వాత ఆ చప్పుడుకు తామూ పొయ్యి వెలిగించుకునేవాళ్లు. ఆవిడ పోయాక భాను వదిన నన్ను పిలిచి ఆ పాత ఇత్తడి ఫిల్టరును నా చేతికిచ్చింది. “ఇది మా ఇంట్లో వద్దు వసంతా, నువ్వైతే సరిగా వాడతావు” అంది.

అద్దాల అంగడిలో మా కాఫీ చల్లారిపోతోంది. సుధ ఇంకా జవాబు కోసం నా ముఖమే చూస్తోంది.

“మీ ఇంట్లో కాఫీ అందరికన్నా చివర తాగేదెవరే?” అన్నాను.

“అదేం ప్రశ్న అత్తా” అని నవ్వబోయి ఆగింది. కప్పులోకి చూసింది. “నేనే. వాళ్లకంతా ఇచ్చినాక మిగిలింటే వేడి చేసుకుంటాను. లేకుంటే టీ పొడి ఉంటుంది గదా.”

“అయితే కొనుక్కో” అన్నాను.

నా ఇంట్లో మిషను లేదు. పెద్దమ్మ ఫిల్టరే ఉంది. పొద్దున డికాషను దిగాక పై గిన్నె తీసి చూస్తే పొడి ఇంకా నల్లగా, బాగానే కనిపిస్తుంది. పక్కన పొయ్యి మీద నీళ్లు మరుగుతూ ఉంటాయి. ఇన్నేళ్లయినా ప్రతిరోజూ నా చెయ్యి ఆ నీళ్ల వైపు పోతుంది. అప్పుడు ‘మూడోది నేను తాగుతా ఉండాను అత్తా’ అన్న ఆ గొంతు చెవిలో పడుతుంది. పొడిని కరివేపాకు చెట్టు మొదట్లో పారబోసి, ఫిల్టరు కడిగి, నా కప్పు తీసుకుని కూర్చుంటాను.