పై అరలోకి వెళ్ళిన నూనెగిన్నె

రంగూన్‌లో తామ్వే బజారులో మణిమాల బల్ల ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు. తడిసిన చెక్కలాంటి వాసన, ఉడికిన పులుపు వాసన కలిసి వచ్చే వైపు నడిస్తే చాలు. అది తయో బెరడుది, కింబూన్ కాయలది. కింబూన్ అంటే మన శీకాయే. తయో మాత్రం మనవైపు ఎరగని చెట్టు. దాని బెరడు నానబెట్టి పిసికితే, గుడ్డులోని తెల్లసొనలా వేళ్ళ మధ్య జారే నీరు దిగుతుంది. అందులో ఉడికిన కింబూన్ రసం కలిపి, పాత గుడ్డలో వడగట్టి, పలచని సంచుల్లో పోసి రబ్బరుబ్యాండు బిగిస్తుంది మణిమాల. బర్మా ఆడవాళ్ళు తలంటుకోడానికి కొనుక్కుపోతారు. పొద్దుటెండ పడగానే బల్ల మీద ఆ సంచులన్నీ తేనెదీపాల్లా వెలుగుతాయి.

ఈ పని ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చింది కాదు. పెళ్ళయి తామ్వే వచ్చాక పక్కింటి బర్మావిడ డో తాన్, అంటే తాన్ గారు, నేర్పింది. పుట్టిల్లు అహ్లోన్‌లో, నది ఒడ్డున, పాత బియ్యం మిల్లుల వెనక వరసగదుల్లో. బస్తాలు మోయడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు తాత. ఆ వైపు ఎలా ఉంటుందో మణిమాల చూడలేదు. అక్కడి నుంచి ఆవిడ దాకా చేరినవి నోట్లో మాట, అరచేతిలో కొబ్బరినూనె. సాయంత్రం తల్లి గడప మీద కూచుని, పిల్లని మోకాళ్ళ మధ్య కూచోబెట్టుకుని, చిన్న ఇత్తడిగిన్నెలో వేలు ముంచేది. ఆ ఇంట్లో చెప్పుకోవలసిన మాటలన్నీ అప్పుడే చెప్పుకునేవారు. వీపు తిప్పి కూచున్న మనిషితో ఏదైనా చెప్పొచ్చు. వీపు తిప్పి కూచున్న మనిషి ఏదైనా అడగొచ్చు. అవతల నది చీకటిపడుతూ వినేది.

తల్లి పోయాక గిన్నె మణిమాల దగ్గరకు వచ్చింది. కూతురు పుట్టలేదు. ఒక్కడే కొడుకు సూరి. వాడి తల నూనెకి ఏనాడూ దొరికింది కాదు. మొగుడు సత్యారావు బతికున్నన్నాళ్ళు, "ఆ గిన్నెలో చింతపండేనా పెట్టు, ఖాళీగా సూస్తాంటే నాకే దిగులొస్తాంది" అనేవాడు. ఆవిడ పెట్టలేదు. తోమి, బోర్లించి, ఉంచేది.

సూరికి తన్లిన్ రేవులో పని. రోజూ బస్సులో వంతెన దాటి వెళ్ళి వచ్చే ఆ దారిలోనే మల్లిక దొరికింది. వాళ్ళూ తెలుగువాళ్ళే. కానీ ఆ పిల్లకి బడి బర్మాలో, స్నేహాలు బర్మాలో, ఇప్పుడు ఫోన్ల కొట్టులో ఉద్యోగమూ బర్మాలోనే. తెలుగు వింటే అర్థమవుతుంది, నోరు తిరగదు. పెళ్ళయిన కొత్తలో అత్తా కోడలూ బర్మాలో మాట్లాడుకున్నారు, మర్యాదగా, కొట్టువాడూ బేరగత్తే మాట్లాడుకున్నట్టు.

ఒక సాయంత్రం కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయిన ఇంట్లో గడప దగ్గర మాత్రం గాలి ఉంది. మణిమాల గిన్నె తీసింది.

"ఇలారా. కూకో."

మల్లిక వచ్చి మోకాళ్ళ మధ్య కూచుంది. మొదటి చుక్క మాడున పడగానే ఆ పిల్ల భుజాలు కిందికి జారాయి. కాసేపటికి, వీధి వైపు చూస్తూనే, తెలుగులో అడిగింది:

"అత్తా... సూరి చిన్నప్పుడు ఏడుస్తాడా?"

"ఏడవడమేటి, వీధంతా లేపీసీవోడు. మీ మావయ్య సైక్కా రిక్షాలో ఎక్కించి తిప్పితేగానీ ఊరుకునీవోడు కాదు."

మల్లిక నవ్వింది. ఆ నవ్వు మణిమాల మోకాళ్ళకి తగిలింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నూనె. రోజూ కాసిని తెలుగు మాటలు, తప్పటడుగులేస్తూ. పొద్దున్న బజార్లో సంచులు కడుతూ మణిమాల ఆ సాయంత్రం కోసమే చూసేది. తనకింత వయసొచ్చాక ఇంట్లో ఆడపిల్ల పుట్టినట్టుగా ఉండేది ఆవిడకి.

వేసవి మొదలయ్యేసరికి మల్లిక పాపిట్లో తెల్లటి పొలుసులు కనబడ్డాయి. మొదట దుమ్మనుకుంది మణిమాల. చెవుల వెనకా, మెడ మొదట్లోనూ చర్మం ఎర్రబడింది. తెల్లారగట్ల నిద్రలోనే గోళ్ళతో బరుక్కుంటున్న చప్పుడు. కొట్టులో వేసుకోవాల్సిన చొక్కా ముదురు నీలం. దాని మీద ప్రతి పొలుసూ కనబడుతుంది. ఆ ఎండలో మల్లిక చొక్కా మీద తెల్ల కోటు తొడుక్కుని వెళ్ళడం మొదలుపెట్టింది.

"మా కొట్టులో ఒకడంటాడు అత్తా," ఒకనాడు చెప్పింది, "రంగూన్‌లో మంచు పడతాందట. నా భుజాల మీద."

నవ్వుతూనే చెప్పింది. కానీ చేతుల కింద ఉన్న తల నవ్వడంలేదని మణిమాలకి తెలిసింది.

"ఆడి నోట్లో నా కింబూన్ పొయ్య!" అంది. అని, గిన్నెలో నూనె ఇంకాస్త పోసింది. తల ఎండిపోయింది, నూనె చాలడంలేదు: తల్లి దగ్గర నేర్చిన లెక్క అది. పొడిబారినదానికి నూనె. దురదకి నూనె. దిగులుకి నూనె. వేపాకు వేసి కాచింది. కర్పూరం కలిపింది. ఒకసారి నిమ్మచెక్క కోసి మాడంతా రుద్దింది.

"మండతాదేటి?"

"లేదత్తా. చల్లగా ఉంది."

మల్లిక మొహం వీధి వైపు ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగిన సంగతి వీధికే తెలుసు.

తల తగ్గలేదు. పక్క బల్ల మీద కరివేపాకు అమ్మే వెంకమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఏటే మణీ, ఊరందరి తలలూ కడిగే నీళ్ళమ్ముతున్నావు, ఇంట్లో కోడలి తలకి దారి నేదేటి? నీ సరుకు నాను కొననేదు కాబట్టి సరిపోయింది, మరొకరైతే డబ్బులెనక్కి అడుగుదురు."

"నీ కరేపాకు తిని నీ జుట్టు ఏపాటి పెరిగిందో సూస్తన్నాను కదా," అంది మణిమాల. వెంకమ్మ పకపకా నవ్వింది. మణిమాల మాత్రం ఆ పూట సంచులకి ముళ్ళు సరిగ్గా వేయలేకపోయింది.

అంతలో తన్లిన్ నుంచి ఫోను. మల్లిక తల్లి దుర్గ స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మల్లిక కొట్టులో సెలవు చెప్పి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు మణిమాల ఆ పిల్ల సంచిలో తయో-కింబూన్ నీళ్ళు కట్టిచ్చింది. నూనెసీసా కూడా పెట్టింది. ఆ రోజుల్లో గడప దగ్గర ఒక్కతే కూచునేది. వీధిలో జనరేటర్లు మోగుతుంటే, పదౌక్ చెట్లు ఒక్క వాన కోసం మొగ్గలు బిగబట్టుకుని నిలబడి ఉండేవి.

మల్లిక తిరిగొచ్చిన సాయంత్రం బస్సు దిగి ఇంకా చెప్పులు విప్పకముందే మణిమాల చూపు పాపిట మీదికి పోయింది. పాపిట తేటగా ఉంది. చెవుల వెనక ఎరుపు లేతబడింది. నీలం చొక్కా మీద కోటు లేదు.

గుండెలో ముందు సంతోషం పడింది. దాని వెనకే ఏదో గుచ్చుకుంది.

"మీ అమ్మ ఏటి రాసిందే?"

"ఏం రాయలేదు."

"ఏదో రాసుంటాది. దాయకు, నాకూ సెప్పు. నానేటి అనుకోను."

"అమ్మకి చెయ్యి లేదు కదత్తా. నేనే కడుక్కున్నాను. నువ్విచ్చిన నీళ్ళే. కొంచెం నీళ్ళు కలిపి, పలచగా చేసి."

"మరి నూనో?"

మల్లిక సంచి జిప్పు తెరిచి మూసింది. లోపల సీసా మూత కూడా తీయకుండా అలాగే ఉంది.

"నూనె... లేదు అత్తా."

మణిమాల పొయ్యి దగ్గరికి వెళ్ళి అన్నం చూసింది. ఉడికిన అన్నాన్నే మళ్ళీ చూసింది. ఇన్నాళ్ళూ రోజూ తన చేత్తోనే, తన ప్రేమతోనే ఆ పిల్ల తల మీద మంట పెట్టుకొచ్చిందన్నమాట.

అయినా ఆశ ఒక మూల ఉండిపోయింది. మర్నాడు బజారు ఎత్తేశాక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. పండగల ముందు సంచులు కొనుక్కునే మనిషే. కోడలి తల సంగతంతా బర్మాలో చెప్పింది. డాక్టరమ్మ విని, "ఆ చర్మానికి నూనె తక్కువై కాదు పొలుసులు రావడం," అంది. "జిడ్డు నిలిచిన చోటే ఇది పెరుగుతుంది. ఈ ఉక్కలో, చెమటలో మరీను. కడుక్కుంటూ ఉండనివ్వండి, బరకనివ్వకండి. రసి కారినా, జుట్టు ఊడినా తీసుకురండి, మందిస్తాను."

"వారానికొకసారి పెట్టొచ్చా? చాలా కొంచెం?"

డాక్టరమ్మ ఆవిడ మొహం కాసేపు చూసింది. "ఇప్పుడు వద్దు, డో మణి."

ఇంటికొచ్చి గిన్నె తోమింది. తుడిచింది. స్టూలెక్కి, పండగ సామాను పెట్టే పై అరలో లోపలికంటా నెట్టింది.

తరవాత ఆ తల సంగతి పద్ధతిగా పట్టించుకుంది. తయో ఎక్కువగా, పులుపు తగ్గించి, మల్లిక కోసం విడిగా ఒక గిన్నె కలిపేది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, వేడి కూడదు. రుద్దడం వేలికొసలతో, గోళ్ళతో కాదు. అప్పుడప్పుడు రాత్రి నానిన మెంతులు మెత్తగా రుబ్బి, పొద్దున కాసేపు పట్టించి, గింజ పలుకు మిగలకుండా కడిగేయమనేది. మంటపుడితే వెంటనే కడిగేయమనేది. దిండు గలేబులు తరచుగా ఉతికేది. తడిజుట్టు ముడి పెట్టనిచ్చేది కాదు. నిమ్మకాయ ఆ వైపే రానివ్వలేదు. పొలుసులు ఒక వారం తగ్గి, ఒక వారం మళ్ళీ తలెత్తి, మెల్లిమెల్లిగా సర్దుకున్నాయి.

సర్దుకోనిది సాయంత్రం. మల్లిక కొట్టు నుంచి వచ్చి మంచం మీద ఫోను పట్టుకుని కూచునేది. మణిమాల గడప దగ్గర మర్నాటి సంచులకి రబ్బరుబ్యాండ్లు విడదీసి పెట్టుకునేది. "అన్నం పెట్టనా?" "తర్వాత తింటాను." అది బర్మాలోనే. మళ్ళీ మర్యాద వచ్చి ఇంట్లో కూచుంది. సూరి ఇటూ అటూ చూసి, "ఏటి, ఇద్దరూ దెబ్బలాడుకున్నారా?" అన్నాడు. "నేదురా," అంది మణిమాల. దెబ్బలాడుకుని ఉంటే కలుసుకోడానికి ఒక దారి ఉండేది.

ఒకరోజు సన్నగా జల్లు పడింది. పదౌక్ చెట్లన్నీ ఒక్కసారి పసుపు విడిచాయి. వీధంతా ఆ పూలే, సైకిళ్ళ చక్రాలకి కూడా. కరెంటు పోయింది. మణిమాల గడప దగ్గరే ఉంది. వెనక నుంచి అడుగుల చప్పుడు. మల్లిక వచ్చి, చేతిలో వెడల్పు పళ్ళ దువ్వెన ఆవిడ ఒళ్ళో వేసి, ముందుకొచ్చి, వీపు తిప్పి కూచుంది.

"అత్తా. నూనె లేకపోతే నీకు చెయ్యి రాదేటి?"

తెలుగులోనే అంది. "ఏటి" అనడం కూడా అత్తలాగే.

మణిమాల దువ్వెన అందుకుంది. నూనె లేని జుట్టు చేతికి కొత్తగా ఉంది, తేలికగా, ఎగిరిపోయేలా, పట్టు దొరక్కుండా. చివర్ల నుంచి చిక్కు తీయడం మొదలుపెట్టింది.

"నిమ్మకాయ మండింది," అంది మల్లిక, వీధికి చెబుతున్నట్టు. "చాలా మండింది. నేను చల్లగా ఉందన్నాను."

దువ్వెన ఆగింది. "ఎందుకలగన్నావే?"

"చెబితే ఆపేస్తావు. ఇలా కూచోబెట్టుకోవు. తన్లిన్‌లో కూడా... తల బాగుపడతాంటే భయమేసింది. ఇంటికెళ్తే అత్త చూస్తాది అని."

మణిమాల ఆ తలని రెండు చేతులతో పట్టుకుంది. అడ్డు నూనె లేదు. మాడు వెచ్చదనం నేరుగా అరచేతుల్లోకి వచ్చింది. ఏ సాయంత్రాలు పోతాయని తను దిగులుపడిందో వాటి కోసమే ఈ పిల్ల ఇన్నాళ్ళూ మంట ఓర్చుకుంది.

"ఎర్రి మొహమా," అంది. "మండితే మండిందని సెప్పాల. సెబితే ఏటీ ఆగిపోదు."

బర్మావాళ్ళ నీళ్ళ పండగ తింజాన్ వచ్చింది. కొత్త సంవత్సరానికి ముందు పెద్దవాళ్ళ తలలు చిన్నవాళ్ళు కడగడం ఇక్కడి ఆచారం. బజార్లో మణిమాల సంచులు, పొద్దున్నే అందరూ ఎగబడే చేపల పులుసు మొహింగా కంటే ముందు అయిపోయాయి. వెంకమ్మ కూడా ఒకటి కొనుక్కుపోయింది, "ఊరికే, సూద్దారని" అంటూ. ఖాళీ బుట్టతో ఇంటికొచ్చేసరికి పెరట్లో పీట వేసి ఉంది. పక్కనే గోరువెచ్చటి నీళ్ళు, తను కోడలి కోసం కలిపే గిన్నె.

"కూకో అత్తా," అంది మల్లిక.

"నాకెందుకే, నానేటి ముసలిదాన్నా?"

"బర్మావాళ్ళ తలలకే పండగేటి? కూకో."

కూచుంది. జుట్టు విప్పింది. తల్లి పోయాక ఆ తల మీద మరొకరి చెయ్యి పడలేదు. వేలికొసలు నెమ్మదిగా, నేర్పినట్టే, గోరు తగలకుండా తిరుగుతుంటే అహ్లోన్ గడప, చీకటిపడే నది ఎక్కడి నుంచో వచ్చి పెరట్లో కూచున్నాయి. నుదుటి మీద నుంచి నురగ కిందికి దిగింది.

"మండతాదేటి అత్తా?"

చల్లగా ఉందనబోయింది మణిమాల. ఆగింది.

"మండతాంది," అంది. "కంట్లోకి పోయిందే."

"అయ్యో," అంటూ మల్లిక మంచినీళ్ళు దోసిట పట్టి ఆ కన్ను కడిగింది. అత్త చీర చెంగుతో అద్దింది. తరవాత ఆ చెయ్యి మళ్ళీ తల మీదికి వచ్చింది.